సందర్భం అన్న గడిలో ఏం రాయాలి?

"ఆ లిఫ్టు తాడు ఏనాటిదో, ఎవరైనా సరిగ్గా చూశారో లేదో," అంది అమ్మ, పొయ్యి మీదున్న పాలగిన్నెతో.

వంటింట్లో మరెవరూ లేరు. ఉంటే ఆ మాట పైకి అనేది కాదు. ఆవిడ కూతురు లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగం చేస్తుంది. అందరూ లిఫ్టు లోపల నిలబడి పైకి వెళ్తే ఈ పిల్ల లిఫ్టు నెత్తిన నిలబడి వెళ్తుంది. కొడుకు డ్రైవింగు స్కూల్లో నేర్పుతాడు. బండి నడపడం రానివాళ్ళు నడుపుతుంటే పక్క సీట్లో కూర్చోవడమే అతని వృత్తి. ఇలాంటి బిడ్డలిద్దర్ని కని, కడుపులో చల్ల కదలకుండా కూర్చోవడం ఏ తల్లికి సాధ్యం?

అయినా ఏడాదిన్నరగా ఆవిడ అలాగే కూర్చున్నట్టు కనిపిస్తోంది. దానికి ఒక ఒప్పందం కారణం. అప్పట్లో ఒకరోజు కూతురు గంటసేపు ఫోను ఎత్తలేదు. అమ్మ ఆ పిల్ల ఆఫీసుకి తొమ్మిదిసార్లు ఫోను చేసి, పదోసారి అగ్నిమాపక కేంద్రానికి చేసింది. ఎర్రబండి గంట కొట్టుకుంటూ వెళ్ళేసరికి కూతురు క్యాంటీన్లో భోజనం చేస్తోంది. ఆ సాయంత్రం కొడుకూ, కోడలూ, కూతురూ ముగ్గురూ వచ్చి ఎదురుగా కూర్చున్నారు. కూతురే మాట్లాడింది.

"ఎక్కడికెళ్తున్నామో, ఎప్పుడొస్తామో అన్నీ నీకు చెప్తాం అమ్మా. నువ్వు మాత్రం బెంగపడకూడదు. పడ్డావని తెలిసిందా, ఇక ఏదీ చెప్పం."

అంతకంటే పెద్ద శిక్ష ఆవిడకి లేదు. తెలిసిన భయం ఒక గదిలో పడుంటుంది. తెలియని భయం ఇల్లంతా తిరుగుతుంది. అందుకని సరేనంది. ఆనాటి నుంచి కూతురు "రేపు పదహారో అంతస్తు" అంటే, "అలాగా, కూరేం చెయ్యమంటావు?" అని అడగడం నేర్చుకుంది. అమ్మ ఎంత మారిపోయిందో అని పిల్లలు చెప్పుకున్నారు. మా అత్తయ్య లాంటి నిబ్బరం నేనెక్కడా చూడలేదని కోడలు పదిమందిలో అంది.

కానీ మింగిన భయం అరిగేది కాదు. పెద్దాసుపత్రి వెనక సందులో, రోగులకు తోడుగా వచ్చి వరండాల్లో పడుకునేవాళ్ళకి తువ్వాళ్ళు, దుప్పట్లు, ఫ్లాస్కులు ఇచ్చే సంస్థ ఒకటుంది. ఒకరోజు ఉండబట్టలేక అక్కడ కూతురి పేరు మీద ఒక తువ్వాలు ఇచ్చింది. కూతురు క్షేమంగా ఇంటికొచ్చింది. అంతే, దారి దొరికింది. ఎవరి గురించి భయం పుడితే వాళ్ళ పేరు మీద ఒక వస్తువు ఇస్తే, ఆ భయం వస్తువుతోపాటు బల్ల దాటి అవతలికి పోతుందని ఆవిడకి నమ్మకం కుదిరింది. చిన్న భయానికి చేతి తువ్వాలు, మామూలు భయానికి పెద్ద తువ్వాలు, రాత్రంతా కన్నంటుకోని భయానికి దుప్పటి. ఫ్లాస్కు అవసరం ఒక్కసారే వచ్చింది, కొడుకు దగ్గర బండి నేర్చుకోవడానికి డెబ్భై ఏళ్ళ తాతగారు చేరినప్పుడు.

ఇవాళ కూతురు వెళ్ళేది పన్నెండంతస్తుల పాత భవనానికి. పెద్ద తువ్వాలు భయం. పాలు దించి, పని చక్కబెట్టుకుని, తొమ్మిదింటికల్లా వెళ్ళి పదింటికి తిరిగొచ్చి వంట మొదలుపెట్టాలని అమ్మ అనుకుంది.

సంస్థలో పాత రసీదు పుస్తకం కనిపించలేదు. దాని స్థానంలో ఒక కంప్యూటరు ఉంది, దాని ముందు ఒక అమ్మాయి కూర్చుంది. అమ్మని చూడగానే ఆ అమ్మాయి ముఖం విప్పారింది. వారం రోజులుగా పాత రసీదులన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తోందట. ఇకమీదట ఒక్కొక్క దాతకి ఒక్కొక్క కార్డు ఉంటుందట. ఎవరు, ఎప్పుడు, ఏమిచ్చారు, ఎందుకిచ్చారు, ఒక్క నొక్కు నొక్కితే తెలిసిపోతుందట. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఒకే ఇంటి చిరునామాతో నలుగురు దాతలు తేలారు. ఆ నలుగురికీ ఫోను నంబర్లు లేవు. నంబరు లేనిదే కార్డు తెరుచుకోదు.

అందరికీ నా నంబరే రాసుకోమంది అమ్మ.

"కుదరదు ఆంటీ. ఒకే నంబరు ఇస్తే నలుగురూ ఒక్కరే అనుకుని కలిపేస్తుంది. అందరి వస్తువులూ ఒకే కార్డులో పడిపోతాయి."

ఆ నలుగురిలో కూతురు, కొడుకు, కోడలు కాక ప్లంబరు కూడా ఉన్నాడు. ఇంటి మీది ట్యాంకు బాగు చెయ్యడానికి చెప్పులు లేకుండా తడి గోడ మీద నడిచే మనిషి. చూసి ఊరుకోలేక అతని పేరు మీద కూడా మూడు వస్తువులు ఇచ్చింది. ఇప్పుడు కూతురి లిఫ్టు తువ్వాలు పోయి ప్లంబరు గోడ మీద పడితే, పన్నెండో అంతస్తులో ఉన్న పిల్లకి మిగిలేదేమిటి? ఇంక ఆలోచించలేదు. సంచిలోంచి నంబర్ల పుస్తకం తీసి నలుగురి నంబర్లూ చదివింది. ఆ చిరునామాకి ఇంటి యజమాని కార్డు కూడా ఉండాలంటే భర్త నంబరూ చెప్పింది. చదివాక అనుమానం వచ్చింది. ఈ నంబర్లకి ఫోన్లు గానీ మెసేజీలు గానీ వెళ్తాయా అని అడిగింది. ఆ ఏర్పాటు ఇంకా మొదలుపెట్టలేదని, ఊరికే రికార్డు కోసమని ఆ అమ్మాయి చెప్పింది. చెప్పిన నిమిషానికి అది నిజమే.

తర్వాత సందర్భం అన్న గడి వచ్చింది. పుట్టినరోజు, పెళ్ళిరోజు, జ్ఞాపకార్థం, వీటిలో ఏదో ఒకటి రాయాలి.

"ఆ చివరి మాట అనకు తల్లీ. అందరూ బతికే ఉన్నారు," అంది అమ్మ.

అయితే అసలు సందర్భమేమిటో మీరే చెప్పండి, ఉన్నది ఉన్నట్టు రాస్తానంది అమ్మాయి. కంప్యూటర్లో తప్పు రాయిస్తే ఎప్పుడు ఎవరొచ్చి అడుగుతారో అని అమ్మ నిజమే చెప్పింది. ఇవాళ్టి దానితో కలిపి ముప్పై ఎనిమిది వస్తువులు. తారీఖు చదివితే చాలు, ఆ రోజు భయం ఆవిడకి గుర్తుకొచ్చేది. నిన్న ఏం వండిందో అడిగితే చెప్పలేదు గానీ, పోయిన వానాకాలంలో కొడుకు బండి వైపరు ఏ మధ్యాహ్నం పనిచెయ్యలేదో చెప్పగలదు. పన్నెండో వస్తువు దగ్గర అమ్మాయి టైపు చెయ్యడం ఆపింది.

"తర్వాతేమైంది ఆంటీ?"

"ఏమీ కాలేదు. తువ్వాలు ఇచ్చాను కదా."

అమ్మ ఇల్లు చేరేసరికి పదకొండున్నర అయింది. సంస్థ కార్యదర్శి పన్నెండింటికి వచ్చారు. మంచి మనిషి. దాతల కార్డులన్నీ నిండి ఉండడం చూసి ముచ్చటపడ్డారు. ఇన్నాళ్ళూ ఎవరికీ సరిగ్గా కృతజ్ఞత చెప్పుకోలేదన్న బాధ ఆయనకుంది. మెసేజీల ఏర్పాటు ఇవాళే మొదలుపెడదామన్నారు. వస్తువుకొక మెసేజీ చొప్పున, ఆయనే స్వయంగా మాటలు కూర్చారు: "మాన్య దాతకు నమస్కారం. ఫలానా సందర్భంగా తమరిచ్చిన ఫలానా వస్తువు అందింది. ఇలాంటి సందర్భాలు తమ జీవితంలో మరెన్నో రావాలని కోరుకుంటున్నాము." ఫలానా ఉన్న చోట్ల కంప్యూటరే నింపుకుంటుంది. నింపుకుంది.

ఆ సమయానికి కొడుకు పక్కన ఒక బట్టల కొట్టాయన బండి నేర్చుకుంటున్నాడు. కొడుకు జేబులో ఫోను వరసగా పద్నాలుగుసార్లు మోగింది. అది బండి పెడుతున్న ప్రమాద హెచ్చరిక అనుకుని బట్టల కొట్టాయన నాలుగు రోడ్ల కూడలి నడిమధ్యలో బ్రేకు మీద నిలబడిపోయాడు. వెనక వాళ్ళు హారన్లు కొడుతుండగా కొడుకు మొదటి మెసేజీ చదివాడు. "ఎర్ర చొక్కా ఆయన గేరు బదులు చెయ్యి పట్టుకుని లాగిన సందర్భంగా" అతనిచ్చిన తువ్వాలు అందిందట. ఇలాంటి సందర్భాలు మరెన్నో రావాలట.

ఎర్ర చొక్కా సంగతి అతను ఇంట్లో ఇద్దరికే చెప్పాడు, అమ్మకీ భార్యకీ. అమ్మకి బెంగ లేదని ఏడాదిన్నరగా లోకానికంతా తెలుసు. కాబట్టి భార్యే. మందుల షాపులో పనిచేసే భార్యకి ఫోను చేశాడు. ఆవిడ అప్పటికే సంతోషంలో ఉంది. ఆవిడకీ రెండు మెసేజీలు వచ్చాయి. అందులో ఒకటి "రైల్లో పై బెర్తు సందర్భంగా". భర్తకి తన మీద ఇంత శ్రద్ధ ఉందని ఆవిడ కూడా అప్పుడే కనిపెట్టింది. ఇద్దరూ ఒకరికొకరు కృతజ్ఞతలు చెప్పుకున్నారు. చెప్పుకున్నాక తెలిసింది, ఇద్దరిలో ఎవరూ ఇవ్వలేదని. ఆడపడుచుకి ఫోను చేస్తే ఎత్తలేదు. లిఫ్టు పైకీ కిందకీ తిరిగే గూట్లో సిగ్నలు ఉండదు. ఇక లాభం లేదని ఇద్దరూ సెలవు పెట్టి సంస్థకి బయలుదేరారు.

అక్కడ ప్లంబరు ముందే ఉన్నాడు. ఒక దుప్పటి, రెండు తువ్వాళ్ళు చంకన పెట్టుకుని నిలబడ్డాడు. తను ఇవ్వని వస్తువులకి మూడుసార్లు దణ్ణం పెట్టి మెసేజీలు పంపారని, ఉచితంగా వచ్చిన మంచిపేరు తనకి అరగదని, అందుకే అవే వస్తువులు కొనుక్కొచ్చానని చెప్పాడు. అమ్మాయి వాటిని కూడా అతని కార్డులో ఎక్కించింది. సందర్భం అన్న గడిలో "ఇవ్వకుండానే పేరొచ్చినందుకు" అని రాసింది.

కొడుకు అడిగిందానికి ఆ అమ్మాయి మాటల్లో చెప్పకుండా ఒక నొక్కు నొక్కి, ఆ చిరునామాలో ఉన్నవాళ్ళందరి వివరాలూ కాగితం మీద అచ్చు తీసి ఇచ్చింది. పైన మొదటి వరసలోనే ఉంది: అన్నీ తెచ్చి ఇచ్చినవారు, తల్లి. భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బెంగే లేని మనిషి ఎవరికీ చెప్పకుండా అందరి పేర్ల మీదా ఇన్ని వస్తువులు పంచిపెట్టిందంటే ఆవిడకే ఏదో అయుండాలి. డాక్టరు ఏదైనా చెప్పాడా? దాచిపెట్టిందా? జాగ్రత్తగా అడగాలనుకున్నారు. ప్లంబరు కూడా, పెద్దావిడ కదా, నేనూ వస్తానన్నాడు.

మూడున్నరకి అమ్మ గేటు చప్పుడు విని కిటికీలోంచి చూసింది. పనివేళలో కొడుకు, కోడలు, ప్లంబరు. ముగ్గురూ తల వంచుకుని వస్తున్నారు. ఆవిడ చప్పున లెక్క చూసుకుంది. రావాల్సినవాళ్ళలో ఒక్కరే తక్కువ. కోడలు వచ్చి చెయ్యి పట్టుకుని, "ముందు మీరు కూర్చోండి అత్తయ్యా," అంది. ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనకూడని మాట అది.

అమ్మ కూర్చుంది. కొడుకు వైపు తిరిగింది.

"ఎన్నో అంతస్తు నుంచిరా?"

కొడుక్కి అర్థం కాలేదు. అమ్మాయి ఎన్నో అంతస్తు నుంచి పడిందని ఆవిడ మళ్ళీ అడిగింది. ఈసారి అర్థమై అతని ముఖం పాలిపోయింది. చెల్లెలు మధ్యాహ్నం నుంచి ఫోను ఎత్తడం లేదు. అమ్మకి కబురు ముందే వచ్చిందన్నమాట. వాళ్ళకి తెలుసని ఆవిడా, ఆవిడకి తెలుసని వాళ్ళూ అనుకున్నారు. కోడలు ఏడుపు అందుకుంది. ప్లంబరు నేల మీద చతికిలబడ్డాడు. అడగాల్సినవాళ్ళు ఎవరూ అడగలేదు, ఎందుకంటే జవాబు వినే ధైర్యం ఎవరికీ లేదు.

అంతలో బల్ల మీద అమ్మ ఫోను మోగింది. ముట్టుకోవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. చివరికి ప్లంబరే లేచి తీశాడు. ఆ, ఆ, అని విన్నాడు. ఫోను చేత్తో మూసి అమ్మ వైపు తిరిగాడు.

"అమ్మాయిగారండి. ఈ తువ్వాళ్ళేమిటని అడుగుతున్నారు."

ముప్పావు గంటలో కూతురు ఇంటికొచ్చింది. లిఫ్టు గూట్లోంచి బయటపడగానే పంతొమ్మిది మెసేజీలు ఒక్కసారి మీద పడ్డాయట. బట్టలకి గ్రీజు, చేతిలో ఆ ఫోను. అమ్మ ముందు ఆ పిల్ల ఒళ్ళంతా తడిమి చూసుకుంది, తర్వాతే భయం గుర్తొచ్చింది. ఇది వేరే భయం. కూతురు వాళ్ళన్న చేతిలోంచి కాగితం తీసుకుని మొదటినుంచి చివరిదాకా చదివి, ఏడాదిన్నర నుంచి నీకు బెంగ లేదన్నావు కదా అని అడిగింది. ఒప్పందం గుర్తుందా అని అడిగింది. అమ్మ తల ఊపింది. చెంగు కొసని వేలికి చుట్టుకుంటూ, నెమ్మదిగా చెప్పింది.

"మీరు చెప్పినప్పుడల్లా ఒక తువ్వాలుతో పోయేదే. ఇక చెప్పడం మానేస్తే రోజూ నలుగురికీ ఇవ్వాలి. అన్ని తువ్వాళ్ళు నేనెక్కణ్ణించి తేను?"

తీర్పు చెప్పాల్సిన కూతురు కాగితంకేసి చూస్తూ ఉండిపోయింది. ఆ కాగితాన్ని కోడలు అందుకుంది. తనకి రెండే వచ్చాయని ఆవిడకి మధ్యాహ్నమే తెలుసు. మిగతావాళ్ళకి ఎన్నో తీరిగ్గా చూడడం ఇదే మొదటిసారి. కూతురికి పంతొమ్మిది. కొడుక్కి పద్నాలుగు, అందులో ఒకటి ఫ్లాస్కు. ప్లంబరుకి ఇవాళ్టి వాటితో ఆరు.

"నాకు రెండు. అవీ చేతి తువ్వాళ్ళు," అంది కోడలు.

నువ్వు జాగ్రత్త కలదానివి కదమ్మా, నీ గురించి దేనికి భయపడతానని అమ్మ సర్దిచెప్పబోయింది. అది పొగడ్త అనే ఆవిడ ఉద్దేశం. కోడలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంటి మనిషిని, ప్లంబరు పాటి చెయ్యనా అని అడిగింది. ప్లంబరు ఇబ్బందిగా కదిలి, తనవి మూడు తీసేసుకోవచ్చని, కావాలంటే రాసిస్తానని అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

"అత్తయ్యా, నేను రోజూ స్కూటరు మీద ఎటునుంచి వెళ్తానో తెలుసా మీకు? రైలు గేటు పక్క సందులోంచి. లారీలు అక్కడే వెనక్కి తిప్పుతారు."

అమ్మ నోరు తెరుచుకుంది. ఈ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఇంతలో కొడుకు అందుకుని, అదేం పెద్ద గొప్పా, పోయిన నెల నా బండి కాలవ గట్టు దాకా వెళ్ళి ఆగిందన్నాడు. అమ్మ బాధపడుతుందని ఆ మాట దాచాడట. దానికి తువ్వాలు లేకపోవడం అన్యాయం కదా అని అడిగాడు. కూతురు ఇద్దరికేసీ చూసింది. అగ్నిమాపక బండిని తిప్పి పంపిన పిల్ల, ఒప్పందం పెట్టిన పిల్ల, గొంతు సవరించుకుని, లిఫ్టు తాళ్ళు మార్చే రోజు తను ఎక్కడ వేలాడుతుందో ఎవరికైనా తెలుసా అంది. అరగంట గడిచేసరికి అమ్మ నంబర్ల పుస్తకం వెనక అట్ట మీద తొమ్మిది తువ్వాళ్ళు, నాలుగు దుప్పట్లు, రెండు ఫ్లాస్కులు రాసుకుంది. చెప్పడం మానేస్తారేమో అని వణికిన మనిషి, ఇక చాలు ఆపండర్రా అని బతిమాలుకుంది. ఇకమీదట ఏదీ దాచబోమని ముగ్గురూ మాటిచ్చి లేచారు. ప్లంబరు కూడా, వచ్చేవారం నీళ్ళ ట్యాంకు స్తంభం ఎక్కాలండి అని చెవిన వేసి వెళ్ళాడు.

ఆరూ పదికి అమ్మ భర్త ఆఫీసు నుంచి వచ్చాడు. ఆయన మితభాషి. రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో రెండు పక్కింటి కుక్కతో. అమ్మ జరిగిందంతా ఏకరువు పెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని బల్ల మీదున్న కాగితం చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు. మళ్ళీ ముందుకి తిప్పాడు. భోజనానికి కూర్చున్నాడు గానీ, ఉప్పు సరిపోయిందా అంటే తల కూడా ఊపలేదు. తలనొప్పా అని అడిగింది. ఛాతీలో ఏమైనా పట్టేసినట్టుందా అని అడిగింది. ఆఫీసులో ఎవరైనా ఏదైనా అన్నారా అని అడిగింది. కంచం తీస్తూ కాగితంకేసి చూసింది. ఆయన అన్నం తింటున్నంతసేపూ ఎడమచేతి వేలు అట్టడుగు వరస మీదే ఉంది. ఆ ఇంటి చిరునామాలో ఉన్నవాళ్ళలో అదే ఆఖరి కార్డు. ఇంటి యజమాని. వస్తువులు: లేవు. సందర్భం: లేదు.

"అయ్యో, దీనికా," అంది అమ్మ. "మీ గురించి భయపడాలంటే మీరు ఎప్పుడో ఒకప్పుడు ఆలస్యం చెయ్యాలి కదండీ. ముప్పై నాలుగేళ్ళుగా ఆరూ పదికే వస్తారు. ఒక్కరోజైనా ఆరూ పదకొండు అయిందా? నాకు సందెక్కడిచ్చారు?"

ఆయన చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలుతో వేలు వేలునా తుడుచుకున్నాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, రేపటి చొక్కా జేబులో పెట్టాడు. బూట్లు తెచ్చుకుని కూర్చుని ఒకటి తర్వాత ఒకటి పాలిష్ చేశాడు. అమ్మ గుమ్మంలో నిలబడే ఉంది. వీధిలో ఎవరిదో గేటు మూసిన చప్పుడైంది. రెండో బూటు కూడా పక్కన పెట్టాక ఆయన తలెత్తాడు.

"రేపు నేను రావడం ఆలస్యమవుతుంది," అన్నాడు. "ఎంత ఆలస్యమో చెప్పను."